బొటనవేలు ఒక్కటే కదలాలి

కాస్మెటాలజీ కోర్సులో చేరిన మొదటి వారం నా చేతికి కత్తెర ఇచ్చారు, జుట్టు ఇవ్వలేదు. గాలిలో కత్తిరించమన్నారు. ఒక కంతలో ఉంగరం వేలు, ఇంకో కంతలో బొటనవేలు. ఉంగరం వేలు వైపు బ్లేడు గోడలా నిలబడిపోవాలి. బొటనవేలు ఒక్కటే కదలాలి. వింటే ఇదేం పెద్ద పని అనిపిస్తుంది. కానీ చిన్నప్పటి నుంచి కాగితాలూ గుడ్డలూ కత్తిరించిన చెయ్యి కదా, ఎంత వద్దనుకున్నా రెండు బ్లేడులూ కలిసి కదిలిపోతాయి. అసలు పనిలో ఆ కదలని బ్లేడు మన ఎడమ చేతి వేళ్లకు ఆనుకుని ఉంటుంది. అది కదిలితే కట్ వంకర పోతుంది, లేదంటే మన వేలే తెగుతుంది. నా చేతికి ఆ పాత అలవాటు వదలడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ రాత్రి అన్నం కలుపుకుంటుంటే బొటనవేలి మొదట్లో సన్నగా నొప్పి పుట్టేది.

ఇదంతా ఇప్పుడు ఎందుకు గుర్తొచ్చిందంటే, మొన్న మా మేనకోడలు ఫోన్ చేసింది. “అత్తా, ఈ కోర్సు చేస్తే చివరికి పార్లర్ పెట్టుకోవడమేగా? ఇంకేమైనా ఉంటుందా?” అని అడిగింది. గంటన్నర మాట్లాడాను. ఫోన్ పెట్టేశాక చెప్పాల్సింది సగం కూడా చెప్పలేదని అర్థమైంది. పంతొమ్మిదేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. ఎనిమిదేళ్లు సెలూన్‌లో, అయిదేళ్లు విగ్గుల పనిలో, గత ఆరేళ్లుగా ట్రైనర్‌గా. ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఇంకా చాలామంది ఉంటారు కాబట్టి ఇక్కడే రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. కాస్మెటాలజీ అంటే మేకప్ అనుకుని చేరేవాళ్లే ఎక్కువ. జుట్టు, చర్మం, గోళ్లు, ఈ మూడూ కలిస్తే కాస్మెటాలజీ. మేకప్ అందులో ఒక మూల. పూర్తి కోర్సులో తలలోని ఎముకలూ కండరాలూ, చర్మం పొరలూ, సూక్ష్మజీవులూ, కెమిస్ట్రీ, కరెంటుతో పనిచేసే పరికరాల జాగ్రత్తలూ అన్నీ చెబుతారు. థియరీ క్లాసులంటే నిద్రపోయే పిల్లల్ని చూస్తే నాకు బాధగా ఉంటుంది. నేర్చుకున్న స్టైల్ రెండేళ్లకు పాతబడిపోతుంది. జుట్టు ఎలా పెరుగుతుందో, మందు పడితే దానిలోపల ఏం జరుగుతుందో తెలిసినవాళ్లు ఏ స్టైల్ వచ్చినా పట్టేసుకుంటారు.

ఉదాహరణకు, తల తడిసి ఆరితే జుట్టు ఆకారం మారుతుంది, మళ్లీ తడిస్తే మామూలైపోతుంది. ఎందుకంటే నీళ్లు హైడ్రోజన్ బంధాల్ని మాత్రమే విడదీస్తాయి, ఆరగానే అవి మళ్లీ కలుస్తాయి. జుట్టుకు చాలాకాలం నిలిచే ఉంగరాలు తిప్పే పర్మింగ్‌లో వాడే థయోగ్లైకోలేట్ మందు అంతకన్నా గట్టివైన డైసల్ఫైడ్ బంధాల్ని విడదీస్తుంది. జుట్టును కొత్త ఆకారంలో పెట్టి హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో ఆ బంధాల్ని మళ్లీ కలుపుతాం. ఈ రెండో దశలో తొందరపడితే జుట్టు రబ్బరులా సాగి, చివరికి తెగుతుంది. కార్ల్ నెస్లర్ అనే జర్మన్ 1900ల మొదటి దశకంలో లండన్‌లో మొదటిసారి పర్మనెంట్ వేవింగ్ చేసి చూపించినప్పుడు ఒక్కో ఇత్తడి రోలర్ దాదాపు 900 గ్రాముల బరువు ఉండేదట. అవి నెత్తిన ఆనకుండా పైనుంచి వేలాడదీసి గంటల తరబడి వేడిచేసేవాడు. అంతకుముందు తన భార్య మీద చేసిన మొదటి రెండు ప్రయత్నాల్లో ఆమె జుట్టు కాలిపోయింది, నెత్తి కూడా కాలింది. ఈ సంగతి నా స్టూడెంట్స్‌కు ప్రతి బ్యాచ్‌లోనూ చెబుతాను. ఈ రోజు మన చేతిలో ఉన్న పద్ధతి వెనుక ఎవరో ఒకరు పడ్డ నొప్పి ఉందని వాళ్లకు తెలియాలి.

రంగుల క్లాసు నాకు ప్రాణం. రంగులో కలిపే డెవలపర్ సీసా మీద 10, 20, 30, 40 అని ఉంటుంది. అవి వరసగా 3, 6, 9, 12 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్. నల్లటి జుట్టును లేత చేస్తున్నప్పుడు అది నేరుగా బంగారు రంగులోకి రాదు. ముందు ఎరుపు, తర్వాత నారింజ, ఆ తర్వాత పసుపు, చివరికి లేత పసుపు. ఏ మెట్టు మీద ఆపాలో, ఆపాక కనిపించే ఆ వేడి రంగును దేనితో అణచాలో తెలియడమే కలరిస్ట్ పని. ఎరుపును ఆకుపచ్చ అణుస్తుంది, నారింజను నీలం, పసుపును ఊదా. మా మేడమ్ పదేపదే అనే మాట ఒకటుంది: “రంగు రంగును తీయదు.” ముందే డై వేసిన తల మీద అంతకన్నా లేత డై వేస్తే లేత రంగు రాదు. పాత రంగును ముందు తీయాల్సిందే. ఈ ఒక్క మాట తెలియక పాడైన తలలు నా దగ్గరికి ఎన్ని వచ్చాయో.

ఇక శుభ్రత. క్లాసులో అందరికీ విసుగు పుట్టించేదీ ఇదే, పరీక్షలో ఎక్కువమందిని తప్పించేదీ ఇదే. దువ్వెన మీద వెంట్రుకలు ఉండగానే దాన్ని తీసుకెళ్లి క్రిమిసంహారక ద్రావణంలో పడేస్తారు. మురికి మీద ఆ మందు సరిగా పనిచేయదు. ముందు వెంట్రుకలు తీయాలి, సబ్బుతో కడగాలి, ఆ తర్వాత పూర్తిగా మునిగేలా పెట్టాలి, చెప్పిన సమయం వరకు ఉంచాలి. 1947 నుంచి సెలూన్లలో కనిపించే బార్బిసైడ్ అనే నీలి ద్రావణమైతే పది నిమిషాలు. ఆరు నిమిషాలకే తీస్తే అది నీలి నీళ్లలో ముంచిన దువ్వెన, అంతే.

నా మొదటి ఉద్యోగంలో జరిగిన విషయం ఒకటి చెప్పాలి. ఆమె మూడేళ్లుగా వస్తున్న క్లయింట్. ఎప్పుడూ వేసే రంగే, అదే షేడ్. ఆ రోజు సెలూన్ కిటకిటలాడుతోంది. రంగు ఒంటికి పడుతుందో లేదో ముందే చూసే ప్యాచ్ టెస్ట్ సంగతి నేను ఎత్తాను, “ఎప్పుడూ వేసుకునేదేగా, కానిచ్చెయ్” అన్నారు పైవాళ్లు. నేనూ సరేనన్నాను. మర్నాడు సాయంత్రం ఆమె ఫోటో పంపింది. కనురెప్పలు రెండూ ఉబ్బి కళ్లు మూసుకుపోయాయి. నుదుటి మీద, చెవుల వెనుక ఎర్రగా నీటి పొక్కులు. ఆసుపత్రికి వెళ్లి మందులు వాడితే పది రోజులకు తగ్గింది.

ముదురు రంగు డైల్లో ఉండే పీపీడీ అనే రసాయనానికి ఎలర్జీ మొదటిసారే రావాలని లేదు. ఏళ్ల తరబడి వాడాక ఒక రోజు ఒళ్లు ఇక ఒప్పుకోదు. అందుకే ప్యాచ్ టెస్ట్‌లో చెవి వెనుకో మోచేతి మడతలోనో కొద్దిగా రాసి 48 గంటలు ఆగుతాం. ఈ రకం ఎలర్జీ వెంటనే పైకి రాదు, ఒకటి రెండు రోజుల తర్వాతే బయటపడుతుంది. ఇదంతా నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే. రాసిన చేత్తోనే రంగు పూశాను. ఆమె కోలుకున్నాక సెలూన్‌కు వచ్చింది. తిట్టడానికి కాదు. నా పక్కన కూర్చుని, “నాకు తెలియదు, నీకు తెలుసు కదమ్మా” అంది. ఆ రోజు నుంచి ఇప్పటివరకు టెస్ట్ లేకుండా ఒక్క తలకూ రంగు వేయలేదు. దాని వల్ల పోయిన క్లయింట్లు ఉన్నారు, గొడవపడి మానేసిన ఒక ఉద్యోగం కూడా ఉంది.

అందుకే శిక్షణా సంస్థను ఎంచుకునేటప్పుడు నేను చూడమనేది గోడ మీద సర్టిఫికెట్లు కాదు. వాళ్ల ప్రాక్టికల్ ఫ్లోర్‌కు మామూలు రోజున, చెప్పకుండా వెళ్లి ఒక గంట కూర్చోండి. డమ్మీ తలల మీద కాకుండా నిజమైన మనుషుల తలల మీద స్టూడెంట్స్ ఎంతసేపు పనిచేస్తున్నారో చూడండి. ట్రైనర్ వాళ్ల వెనుక నిలబడి ఉన్నారా, ఆఫీసు గదిలో ఉన్నారా? తువ్వాలు ఒకరికి వాడింది ఇంకొకరికి వాడుతున్నారా? పాత స్టూడెంట్స్ ఇద్దరు ముగ్గురితో మాట్లాడించమని అడగండి. మాట్లాడించకపోతే అక్కడి నుంచి వచ్చేయండి. కిట్ ఫీజులో ఉందా, విడిగా కొనాలా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. ఒకే కంపెనీ సరుకుతో నేర్పే చోట నేర్చుకుంటే ఆ కంపెనీ డబ్బాల పేర్లు బాగా వస్తాయి, లోపలున్న మందు గురించి రాదు. అది తెలుసుకుని చేరండి.

పది రోజుల్లో మొత్తం నేర్పేస్తాం అనే ప్రకటనల గురించి నా అభిప్రాయం దాచుకోను. పునాది ఉన్నవాళ్లకు పది రోజుల్లో ఒక కొత్త టెక్నిక్ వస్తుంది. పునాది లేనివాళ్లకు పది రోజుల్లో ధైర్యం మాత్రమే వస్తుంది. చేతిలో బ్లీచ్ ఉన్న మనిషికి ఉత్త ధైర్యం చాలా ప్రమాదం.

లైసెన్స్ సంగతి ఒక్కో దేశంలో ఒక్కో రకం. అమెరికాలో ప్రతి రాష్ట్రంలోనూ లైసెన్స్ కావాలి, గంటల లెక్క రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కాలిఫోర్నియాలో 1600 గంటలుగా ఉన్నదాన్ని 2022లో 1000కి తగ్గించారు. జర్మనీలో హెయిర్ డ్రెస్సర్ శిక్షణే మూడేళ్లు, మామూలుగా సొంత సెలూన్ తెరవాలంటే ఆ పైన మాస్టర్ అర్హత కూడా ఉండాలి. బ్రిటన్‌లోనేమో హెయిర్ డ్రెస్సర్‌కు చట్టప్రకారం తప్పనిసరి లైసెన్స్ లేదు, రిజిస్ట్రేషన్ ఇష్టమైతేనే. కాబట్టి రేపు ఎక్కడ పనిచేయాలనుకుంటున్నారో అక్కడి నియమం చూసి ఇక్కడ కోర్సు తీసుకోండి. కోర్సు పూర్తయ్యాక గంటలు చాలలేదని తెలిసి ఏడ్చినవాళ్లను నేను చూశాను.

ఇక మేనకోడలి అసలు ప్రశ్న. ఇంకేమైనా ఉంటుందా?

ఉంటుంది. కుర్చీ వెనుక పని అందరికీ తెలిసిందే. అందులోనే కట్ వేరు, కలర్ వేరు, గోళ్లు వేరు, చర్మం వేరు. పెద్ద సెలూన్లలో ఎవరి దారి వారిది. సినిమాకు, నాటకానికి మేకప్ చేసేవాళ్లకు మామూలు మేకప్‌తో పాటు గాయాలు, ముసలితనం, బట్టతల సృష్టించడం రావాలి. ఇది మళ్లీ విడిగా నేర్చుకోవాల్సిన విద్య. కంపెనీల తరఫున కొత్త ఉత్పత్తుల మీద సెలూన్లకు శిక్షణ ఇచ్చే టెక్నీషియన్లు ఉంటారు, తిరగడం ఇష్టమైనవాళ్లకు మంచి ఉద్యోగం. ట్రైకాలజీ, అంటే జుట్టు, నెత్తి సమస్యల అధ్యయనం. లండన్‌లో దానికి 1902 నుంచే ఒక ఇన్‌స్టిట్యూట్ ఉంది. ట్రైకాలజిస్ట్ డాక్టర్ కాదు. ఏది తన చేతిలో ఉంది, ఏది చర్మ వైద్యుల దగ్గరికి పంపాలి అని తెలిసినవాళ్లే అందులో రాణిస్తారు. షాంపూలు, క్రీములు తయారుచేసే ల్యాబ్‌లోకి వెళ్లాలంటే మాత్రం ఈ కోర్సు సరిపోదు, కెమిస్ట్రీ డిగ్రీ కావాలి. కాలిన మచ్చల్ని, బొల్లి మచ్చల్ని చర్మం రంగుతో కలిపేసే క్యామఫ్లాజ్ మేకప్ అని ఇంకొకటి ఉంది. బ్రిటన్‌లో రెడ్ క్రాస్ చాలా ఏళ్లు ఆ సేవ నడిపింది, తర్వాత చేంజింగ్ ఫేసెస్ అనే సంస్థ తీసుకుంది.

నేర్పడం కూడా ఒక కెరీరే, అదీ పాతదే. అమెరికాలో బట్టలుతికి బతికిన మేడమ్ సి.జె. వాకర్ అనే నల్లజాతి స్త్రీ జుట్టు సంరక్షణ వ్యాపారం మొదలుపెట్టి, 1908లో పిట్స్‌బర్గ్‌లో కూతురి పేరు మీద లీలియా కాలేజీ తెరిచింది. అక్కడా ఆ తర్వాతా ఆమె దగ్గర శిక్షణ పొందిన నల్లజాతి స్త్రీలు వేలమంది తమ కాళ్ల మీద తాము నిలబడ్డారు. ఇళ్లలో పాచిపని, బట్టలుతకడం తప్ప ఇంకో దారి కనిపించని రోజులవి. “పార్లర్ పెట్టుకోవడమేగా” అని ఎవరైనా తేలిగ్గా అన్నప్పుడు నాకు ఆమే గుర్తొస్తుంది.

నా మనసు మాత్రం విగ్గుల దగ్గరే ఉంది. కీమోథెరపీలో చాలామందికి మొదటి డోసు తర్వాత రెండు మూడు వారాల్లో జుట్టు రాలడం మొదలవుతుంది. అప్పుడు వస్తారు మా దగ్గరికి. కొందరు ముందే వచ్చి తమ జుట్టు రంగు, ఒత్తు చూపించి వెళ్తారు, అది చాలా మంచిది. తల చుట్టుకొలత, నుదుటి నుంచి మెడ దాకా, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా కొలతలు తీసుకుంటాం. జుట్టు పోయాక తల కొలత కాస్త తగ్గుతుంది, దానికి వదులు బిగించుకునే ఏర్పాటు చూసుకోవాలి. సింథటిక్ విగ్గులు చాలావాటికి వేడి తగలకూడదు, అసలు జుట్టు విగ్గుకు రంగు కూడా వేయొచ్చు. చేత్తో కట్టే విగ్గుకైతే సన్నని కొక్కెంతో ఒక్కో వెంట్రుకనూ లేసులోకి ముడివేస్తారు. వారాలు పడుతుంది. కళ్లు లాగేస్తాయి.

ఒకామె గుర్తుంది. పాత ఫోటో తెచ్చింది. దానికి సరిగ్గా సరిపోయే విగ్గే తెప్పించాం. పెట్టుకుని అద్దంలో చూసుకుని, “ఇది నేను కాదు” అని తీసేసింది. తప్పు విగ్గుది కాదు. కొత్త విగ్గు ఎప్పుడూ ఒత్తుగా వస్తుంది, ముందు వరస మరీ నిండుగా, గీత గీసినట్టు ఉంటుంది. మనుషుల జుట్టు నుదుటి దగ్గర అలా ఉండదు, పలచగా మొదలై లోపలికి చిక్కబడుతుంది. నేను ఆమెకు విగ్గు మళ్లీ పెట్టి, ఆమె తల మీదే పని మొదలుపెట్టాను. స్టాండు మీద చేస్తే ముఖం కొలత తెలియదు. థిన్నింగ్ కత్తెరతో లోపలి పొరల్లో బరువు తీశాను. ముందు వరసలో ట్వీజర్‌తో ఒక్కొక్కటిగా పీకాను, వరసగా కాకుండా అక్కడొకటి ఇక్కడొకటి. కణతల దగ్గర నాలుగు పొట్టి వెంట్రుకలు వదిలాను. గంటంపావు పట్టింది. ఆమె ఏమీ మాట్లాడలేదు, నేనూ మాట్లాడించలేదు. లేచి పర్సు తీసుకుంటూ, తనకు తెలియకుండానే కుడి చేత్తో జుట్టు చెవి వెనక్కి తోసుకుంది. తోసుకుని ఆగిపోయింది. చెయ్యి అక్కడే ఉంది. ఆ తర్వాత ఇద్దరం చాలాసేపు కూర్చున్నాం.

ఈ వృత్తిలో ఒంటికి పడే భారం కూడా చెప్పకపోతే తప్పవుతుంది. రోజంతా నిలబడటం, నడుము వంచడం, చేతులు గాలిలో ఉంచడం. మోచెయ్యి భుజం ఎత్తు దాటకుండా కుర్చీని దించుకోవడం మొదటి ఏడాదే అలవాటు చేసుకోవాలి. తడి పని, షాంపూలు, రంగుల వల్ల చేతులకు ఎగ్జిమా రావడం మా వాళ్లలో మామూలు. తల కడిగేటప్పుడు కూడా నైట్రైల్ గ్లవ్స్ వేసుకోమంటే కొత్తవాళ్లు నామోషీ పడతారు. నాతోపాటు చదివిన ఒకమ్మాయి, మా బ్యాచ్‌లో అందరికన్నా బాగా కట్ చేసేది, చేతులు పగిలి పగిలి నాలుగేళ్లకే మానేసింది. ఆ చేతులు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంటాయి. మొదటి ఒకటి రెండేళ్లు సంపాదన తక్కువే, అసిస్టెంట్‌గా నేల ఊడవడం, తలలు కడగడం ఉంటుంది. ఆ రోజుల్లో సీనియర్ల చేతులు చూసినవాళ్లు పైకి వస్తారు, ఫోన్ చూసినవాళ్లు అక్కడే ఉంటారు.

ఇదంతా మేనకోడలికి విడతలుగా చెప్పాను. తను ఇంకా ఎక్కడా చేరలేదు, రెండు సంస్థలు చూసి వచ్చింది, ఒకచోట పాత స్టూడెంట్స్‌తో మాట్లాడించలేదట. నిన్న రాత్రి ఒక వీడియో పంపింది. ఎక్కడి నుంచో కత్తెర సంపాదించి గాలిలో కత్తిరిస్తోంది. కింద మెసేజ్: “అత్తా, ఇరవై నిమిషాలకే వేలు లాగేస్తోంది, సరిగ్గానే చేస్తున్నానా?”

రెండుసార్లు ఆపి ఆపి చూశాను. “ఉంగరం వేలు కదులుతోంది చూడు” అని రాశాను. అయిదు నిమిషాలకు ఇంకో వీడియో వచ్చింది.